అడిగితే పలికే మనిషి ఎవరు?
సెల్‌ఫోను, పల్లె బతుకు: ఒక సమీక్ష

వేంసూరు మండలంలో ఏ ఊరి సెంటర్లోనైనా టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చుంటే సెల్‌ఫోను మీద రెండు రకాల మాటలు వినపడతాయి. "ఈ సెల్లు వచ్చాక మనుషులు పాడైపోయారు. ఇంట్లో నలుగురుంటే నాలుగు మూలల్లో నాలుగు ఫోన్లు" అన్నది ఒకటి. "అది లేకపోతే ఏ పనీ కాదు. పామాయిల్ గెలల రేటు దాంట్లోనే, పింఛను పడ్డ కబురు దాంట్లోనే, అమెరికాలో ఉన్న పిల్లోడి ముఖం చూడాలన్నా దాంట్లోనే" అన్నది రెండోది. తమాషా ఏమిటంటే చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే మనిషి అంటాడు. సెల్లును తిట్టడం ముగించి, ఆ సెల్లుతోనే టీ డబ్బులు కొడతాడు. కొట్లో ఉన్న డబ్బా "ఇరవై రూపాయలు అందాయి" అని అరుస్తుంది. ఆయన లేచి వెళ్లిపోతాడు.

పత్రికల్లో, సభల్లో, ఇళ్లలో కూడా ఈ చర్చ ఇలాగే నడుస్తోంది. ఫోను మంచిదా చెడ్డదా అని అడిగినంత కాలం అది ఎటూ తేలదు. గత పదేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగినవాటిని వరసగా పెట్టి చూస్తే అడగవలసిన ప్రశ్న ఇంకొకటి కనిపిస్తుంది. తప్పు జరిగినప్పుడు ఎవరిని నిలదీయాలి? అడిగితే పలికే మనిషి ఉన్నాడా? ఉన్నచోట ఈ సాంకేతికత మేలు చేసింది. లేనిచోట ముంచింది.

పాత ఊరు అంత గొప్పదేమీ కాదు

వేంసూరు ఖమ్మం జిల్లా అంచున ఉంది. ఒకవైపు ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. ఇంకోవైపు సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేటల పామాయిల్ తోటలు, వాటిని దాటితే అడవి, కోయగూడేలు. ఒకప్పుడు ఇది అసెంబ్లీ నియోజకవర్గం. ఇక్కడి నుంచి గెలిచిన జలగం వెంగళరావు 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రోజుల్లో ఊరికి రోడ్డు కావాలన్నా, బడి కావాలన్నా ఎవరి గడపకు వెళ్లాలో అందరికీ తెలుసు. పని అయినా కాకపోయినా వెళ్లడానికి ఒక గడప ఉండేది.

ఫోనును తిట్టేవాళ్లు ఆ కాలాన్ని తలుచుకుని నిట్టూరుస్తారు. అందులో నిజం సగమే. ఊరి మాటలు నడిచే అరుగు మీద అందరూ కూర్చోలేదు. దళితవాడ మనిషి నిలబడి వినేవాడు. కోయగూడెం మనిషి ఇంకాస్త దూరాన నిలబడేవాడు. ఆడవాళ్లకు అక్కడ చోటే లేదు. ఊరి మాట అంటే పెత్తందారు మాట. అయినా అరుగు మీద పలికిన మాటకు ఒక కట్టు ఉండేది. అన్నది ఎవరో తెలుసు, తెల్లారితే ఎదురుపడతాడు, అబద్ధమని తేలితే పరువు పోతుంది. ఫోను ఆ అరుగును అందరికీ తెరిచింది, ఆ కట్టును మాత్రం తెంపేసింది. రెండూ ఒక్కసారే జరిగాయి కాబట్టే ఈ చర్చ ఇంత తికమకగా ఉంది.

ఫోను ఎవరి చేతిలో ఉంది?

2016లో మూడు సంగతులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. సెప్టెంబరు 5న జియో వచ్చి డేటాను చవక చేసింది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. మాట్లాడుకోవడానికి కొన్న ఫోను ఆ ఏడాదిలోనే సినిమా హాలూ, బ్యాంకూ, పేపరూ అయిపోయింది. పట్నం ఇరవై ఏళ్లలో నేర్చుకున్నది పల్లె రెండు మూడేళ్లలో నేర్చుకోవలసి వచ్చింది.

అందరికీ ఒకేలా అందలేదు. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 26.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. మగవాళ్లలో ఇది రెండింతలకు పైనే. ఆ అంకెలు ఇప్పుడు పెరిగే ఉంటాయి గానీ ఇంటి లోపలి వరస పెద్దగా మారలేదు. ఆధార్‌కు ఎక్కించిన నంబరు మొగుడిదో కొడుకుదో అయి ఉంటుంది. పింఛను కాగితం కోసం మీసేవకు వచ్చిన ముసలమ్మ, ఓటీపీ చెప్పాల్సిన కొడుకు పొలం నుంచి ఫోను ఎత్తేదాకా మెట్ల మీద కూర్చోవాలి. ఎత్తి అంకెలు చెప్పేసరికి గడువు దాటిపోతుంది. మళ్లీ మొదటికి.

అడవి వైపు పోతే సిగ్నలే సమస్య. దేశంలో 24,680 గ్రామాలకు 4జీ అందించడానికి 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో ఆమోదించింది. అంటే జియో వచ్చిన ఆరేళ్లకు కూడా అన్ని వేల ఊళ్లు ఖాళీగా ఉన్నాయని సర్కారే ఒప్పుకుంది. ఆ ఊళ్లకు టవర్ రాకముందే యాప్ తప్పనిసరి అయింది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

పుకారు నేర్పిన పాఠం

2018 మేలో "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి" అన్న వాట్సాప్ సందేశం తెలంగాణ పల్లెలన్నీ చుట్టేసింది. ఊరికి కొత్తగా కనపడ్డవాళ్లను, బిచ్చగాళ్లను, మతి స్థిమితం లేనివాళ్లను పట్టుకుని కొట్టారు. కొందరు చనిపోయారు. జులైలో హైదరాబాదు నుంచి బీదర్ జిల్లాకు వెళ్లిన యువకుల బృందం దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచితే, అనుమానపడిన జనం వాళ్ల మీద పడ్డారు. వాళ్లు కారెక్కి తప్పించుకునేలోపు ఫోనులో కబురు ముందు ఊరికి చేరింది. అక్కడ దారికి అడ్డం కట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

అప్పుడే జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఊరికో పోలీసును అప్పగించి, ఆ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో అతన్ని చేర్పించారు. డప్పు కళాకారులతో ఊరూరా పాటలు పాడించి, ఫోనులో వచ్చిందల్లా నిజం కాదని చెప్పించారు. అనుమానం వస్తే ఎవరికి ఫోను చేయాలో పేరుతో సహా జనానికి తెలిసింది. ఆమె పరిధిలో పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీ సందేశం వేగాన్ని తగ్గించింది. ఎస్పీ సందేశానికి ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టారు. మొదటిది అవసరమే. ఊరిని కాపాడింది మాత్రం రెండోది.

అప్పు, పందెం, మోసం

2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాయి. ఆ యాప్‌ల పద్ధతి ఒక్కటే. అప్పు ఇచ్చే ముందే ఫోనులోని నంబర్లన్నీ లాక్కుంటారు. వాయిదా తప్పగానే బావమరిదికీ, పక్కింటాయనకూ, పిల్లల టీచరుకూ "ఇతను దొంగ" అని మెసేజ్ వెళుతుంది. ఫొటో మార్చి బూతు బొమ్మ చేసి పంపుతారు. పోలీసులు హైదరాబాదులో, గురుగ్రామ్‌లో కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని వేసి, 2022 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. ఫోనులోని నంబర్లు తీసుకోరాదు, ఫిర్యాదు వినే అధికారి పేరు చెప్పి తీరాలి అన్నవి అందులో ముఖ్యమైనవి.

ఇక్కడ ఫోనునే దోషిగా నిలబెడితే మన చరిత్రను మనమే మరిచినట్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు వాకిట్లో కూర్చుని ఇలాగే పరువు తీశారు. ఆత్మహత్యలు జరిగాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పు, అవమానం అప్పుడూ ఉన్నాయి. కాకపోతే ఆ ఏజెంటుకు ముఖం ఉంది, కంపెనీ బోర్డు ఉంది, సంఘం ఆడవాళ్లు అతన్ని చుట్టుముట్టి అడగగలిగారు. యాప్ వెనక ఉన్నవాడికి పేరే లేదు.

పందేల సంగతీ అంతే. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆట ఆగలేదు, యాప్ పేరు మారింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాదులో కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. సంక్రాంతికి బరిలో కోడిపందెం వేసి ఓడినవాడిని ఊరు చూసేది, ఇంట్లో గొడవయ్యేది, పెద్దలు మందలించేవాళ్లు. అర్ధరాత్రి దుప్పట్లో పందెం కాసినవాడి సంగతి పొలం తాకట్టు పడ్డాక గానీ బయటికి రాదు.

మోసాల లెక్క మరీ పెద్దది. 2024లో సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అనేవాడికి భయపడుతున్నవాళ్లలో చదువుకున్న రిటైర్డ్ ఉద్యోగులూ ఉన్నారు. తెలియనితనం ఒక్కటే కారణమైతే వాళ్లెందుకు పడతారు? పక్కింట్లో అడగడానికి మనిషి లేకపోవడం, ఉన్నా చెప్పుకోవడానికి సిగ్గుపడటం ఈ మోసానికి అసలు బలం.

సర్కారు తెర వెనక్కి వెళ్లినప్పుడు

ఫోను వల్ల చెడిపోయారని మనం కుర్రాళ్లను అంటాం గానీ, పల్లెను ఎక్కువగా ఫోనుకు కట్టేసింది ప్రభుత్వం. ఇక్కడ మెచ్చుకోదగినవి ఉన్నాయి. 2011లో వచ్చిన మీసేవ కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం తిరిగే తిరుగుడు తగ్గించింది. ఆ సెంటర్లో కంప్యూటరుతోపాటు ఒక మనిషి ఉంటాడు, కాగితం తప్పు వస్తే మళ్లీ వెళ్లి అడగొచ్చు.

ధరణి కథ వేరు. 2020 సెప్టెంబరులో తెలంగాణ ఊరి రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేసింది, అక్టోబరు 29న భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ మొదలైంది. వీఆర్వోల లంచాలతో విసిగిన జనం మొదట సంతోషించారు. రిజిస్ట్రేషను, పేరు మార్పిడి ఒకే రోజు అయిపోవడం నిజంగా పెద్ద మేలు. కానీ సర్వే నంబరు తప్పు పడ్డవాడి గతి ఏమిటి? ఉన్న భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కితే ఎవరికి చెప్పాలి? ఊళ్లో అధికారి లేడు, తహసీల్దారు "నా చేతిలో లేదు, పోర్టల్లో ఆప్షన్ లేదు" అంటాడు. లంచం అడిగేవాడితో పాటు సమాధానం చెప్పేవాడూ పోయాడు. 2024 డిసెంబరులో ధరణి స్థానంలో భూభారతి బిల్లును అసెంబ్లీ ఆమోదించింది, 2025 ఏప్రిల్ 14న పోర్టల్ వచ్చింది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. అప్పీలుకు దారి ఇచ్చారు, ఊళ్లలో మళ్లీ గ్రామ పాలన అధికారులను పెట్టారు. ఐదేళ్ల తర్వాత రాష్ట్రం తిరిగి వచ్చి చేరింది మనిషి దగ్గరికే.

సరిహద్దు రైతుకు ఇంకో చిక్కు. టెలికాం లెక్కలో రెండు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకే సర్కిల్. గట్టు దాటితే ఫోనుకు తేడా తెలియదు. అటు రెండెకరాలు ఇటు మూడెకరాలు ఉన్న రైతు మాత్రం ఇటు భూభారతి, అటు మీభూమి రెండూ నేర్వాలి. కేంద్ర పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే 2025 సీజను నుంచి వారి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవాలి. స్లాటు దొరికిన రోజు వాన పడితే తేమ పేరుతో వెనక్కి పంపుతారు. యాప్ వానను లెక్కలోకి తీసుకోదు.

ఉపాధి పనికి 2023 జనవరి 1 నుంచి యాప్‌లో ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం దాటాక ఒకటి. చెరువు పూడిక తీసేచోట ఎండ ముదరకముందే పని ముగించుకునే ఆడవాళ్లు రెండో ఫొటో కోసం మళ్లీ రావాలి, లేదా చెట్టు కింద కూర్చోవాలి. మేటు సిగ్నలు కోసం ఫోను పైకెత్తి గట్టు మీద అటూ ఇటూ నడుస్తుంది. ఫొటో ఎక్కకపోతే మస్టరులో కూలి లేదు. చేసిన పని అందరి కళ్ల ముందే ఉంటుంది, అయినా లేనట్టే. పోనీ దొంగ హాజరైనా ఆగిందా? పాత ఫొటోను మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. దొంగకు దారి దొరికింది, కూలికి దొరకలేదు.

యంత్రం తీర్పు చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందో సమగ్ర వేదిక చూపించింది. రకరకాల రికార్డులు కలిపి అనర్హులను ఏరే తెలంగాణ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ అది. పేరు కలిసిన పాపానికి హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారుందని తేల్చి రేషను ఆపేసింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

పిల్లల మాట

తల్లిదండ్రుల ఆందోళన ఎక్కువగా ఇక్కడే. అమెరికాలో జోనాథన్ హైట్ 2024లో రాసిన పుస్తకం, స్మార్ట్‌ఫోన్లే ఒక తరం పిల్లల మనసులను దెబ్బతీశాయని వాదించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త కాండిస్ ఆడ్జర్స్ నేచర్ పత్రికలో దాన్ని సమీక్షిస్తూ, ఫోను వాడకం, పిల్లల మనోవ్యథ రెండూ ఒకే కాలంలో పెరిగాయని చూపితే ఒకటి రెండోదానికి కారణమని రుజువైనట్టు కాదన్నారు. ఈ వాదం తేలకముందే ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది.

మన పల్లె లెక్క కొంచెం వేరు. పల్లె పిల్లల చదువు మీద వచ్చే అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు 76 శాతం. ఆ ఫోను చాలా ఇళ్లలో నాన్నది, సాయంత్రం ఇంటికి వస్తేనే పిల్లల చేతికి. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు, పిల్లలకు ఫోను ఇవ్వమని బతిమాలింది బడే. ఫోను లేదని అప్పు చేసి కొన్న కూలి కుటుంబాన్ని ఇప్పుడు "పిల్లల్ని పాడుచేశారు" అని తిట్టడం న్యాయం కాదు. ఆడపిల్ల విషయంలో ఇంకో భయం తోడవుతుంది. ఎవడో ఫొటో మార్చి పెడతాడని పిల్ల చేతిలో ఫోనే లాగేస్తారు. తప్పు చేసినవాడు హాయిగా ఉంటాడు, చదువుకునే పిల్లకు శిక్ష పడుతుంది.

మేలు జరిగినచోట

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మొదలైన మై విలేజ్ షో, కూలి పని చేసుకునే గంగవ్వను రెండు రాష్ట్రాల ఇళ్లకూ చుట్టాన్ని చేసింది. ఆమె యాస మార్చుకోలేదు. సినిమా ఇన్నేళ్లుగా ఎక్కువగా నవ్వులాటకు వాడుకున్న తెలంగాణ పల్లె మాటను ఆమె తన నోటితో, తన ఊరి నుంచి, తన ముఖంతో చెప్పింది.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాళ్ల కేకలు ఫోనులో ఊరంతా విన్నది. హెలికాప్టరు రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి వెళ్లి తొమ్మిది మందినీ తెచ్చాడు. ఫోను కబురు చేర్చగలిగింది. వరదలోకి దిగింది మాత్రం మనిషి.

కబురు తెలిసినంత మాత్రాన పని అయిపోదని రైతుకు మొదటినుంచీ తెలుసు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మిర్చి యార్డులో ధర కూలిపోయి రైతులు తిరగబడ్డ రోజున, ఏ ఊళ్లో క్వింటా ఎంత పలుకుతోందో వాళ్ల చేతుల్లోని ఫోన్లలో ఉంది. ధర తెలియడం ఒకటి, ధర పలకడం ఒకటి.

మాట మీద చట్టం

జవాబుదారీతనం కావాలంటే పోలీసులకు ఇంకా అధికారం ఇవ్వాలనేవాళ్లు ఉన్నారు. ఈ దారి ప్రమాదకరం. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షను కింద ఒక పోస్టు నచ్చకపోయినా అరెస్టు చేసేవాళ్లు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ గద్దెనెక్కినా ఎదుటి పార్టీ వాళ్ల పోస్టుల మీద కేసులు ఆగలేదు. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు రాజకీయ విమర్శల మీద యాంత్రికంగా కేసులు, అరెస్టులు కూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. పై నుంచి కిందికి అడిగే జవాబుదారీతనం మనకు ఎప్పుడూ కావలసినంత ఉంది. కింది నుంచి పైకి అడిగేదే లేదు. పోస్టు పెట్టిన కుర్రాడి అడ్రసు గంటలో దొరుకుతుంది, లోన్ యాప్ యజమాని అడ్రసు ఏళ్లు గడిచినా దొరకదు.

తేలిందేమిటి?

ఫోను ఊరిని చెడగొట్టిందన్నవాళ్లు పాత ఊరి అన్యాయాన్ని మరిచారు. ఫోను ఊరిని బాగుచేసిందన్నవాళ్లు మెట్ల మీద కూర్చున్న ముసలమ్మను చూడలేదు. పుకారు, అప్పు, భూమి, కూలి, రేషను, ఏది తీసుకున్నా వరస ఒకటే. మనిషిని తీసేసి తెర పెట్టినచోట బీదవాడు నష్టపోయాడు. తెర పక్కన మనిషిని నిలబెట్టినచోట బతికి బట్టకట్టాడు.

కాబట్టి సర్కారును అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. తప్పనిసరి చేసిన ప్రతి యాప్‌కూ ఊళ్లోనే ఒక బాధ్యుడు ఉండాలి. అతని పేరు, నంబరు పంచాయతీ గోడ మీద రాయాలి. సిగ్నలు లేనిచోట కాగితం చెల్లాలి. యంత్రం కాదన్నప్పుడు ఆ కారణం తెలుగులో రాసి చేతికివ్వాలి. ఇవన్నీ గ్రామసభలో తీర్మానం చేసి పంపగలిగినవే.

ఇక మన వంతు. గ్రూపులో పంపే ముందు, ఈ మాట టీ కొట్టు దగ్గర నలుగురి మధ్య నిలబడి నా పేరుతో అనగలనా అని ఆలోచించండి. అనలేకపోతే పంపకండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి, మొదటి గంటలో చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. ఆ నంబరు మీకు తెలిస్తే చాలదు, ఇంట్లో ఫోను వాడటం రాని పెద్దవాళ్లకు కూడా కాగితం మీద రాసి ఇవ్వండి.